అమ్మ కాలి కొలత

పోయిన దీపావళికి మా అమ్మకు ఒక జత బూట్లు కొన్నాను. బూట్లంటే పోలీసు బూట్లు కావు లెండి! మెత్తగా దూదిలా ఉండి, లోపల అతుకూ కుట్టూ తగలకుండా, చక్కెర జబ్బు ఉన్నవాళ్ల కోసమే ప్రత్యేకంగా చేసినవి. అలాంటివి మన ఊళ్లో దొరకవనుకున్నాను. దొరకవని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఈ కథలో మొదటి తప్పు అదే.

మా అమ్మాయి ఫోనులో వెతికి వెతికి జర్మనీ దేశంలో అమ్మేవాళ్లెవరినో పట్టుకుంది. బొమ్మ చూస్తే మహా ముచ్చటేసింది. ధర చూశాక ఆ ముచ్చట కాస్త తగ్గింది. అయినా అమ్మ కన్నా ఎక్కువా అనుకున్నాను. "అమ్మమ్మ సైజెంత?" అంది పిల్ల. అమ్మ పాత చెప్పు తిరగేసి చూస్తే అడుగున 6 అని ఉంది. అక్కడేమో అంకెలన్నీ 36 నుంచి 42 దాకా ఉన్నాయి! మన 6 అంటే వాళ్ల 39 అని కింద ఒక పట్టిక ఉంటే, దాన్ని వేదవాక్కుగా నమ్మి నొక్కేశాం.

రెండు వారాలు దాటాక పార్శిలు వచ్చింది. కస్టమ్స్ సుంకం కట్టి విడిపించుకున్నాం. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్లికూతురికి మట్టెలు తొడిగినంత శ్రద్ధగా తొడిగాను. పొడవు అచ్చంగా సరిపోయింది. వెడల్పు మాత్రం సుతరామూ పట్టలేదు. చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయింది.

"బాగానే ఉన్నాయే! వాడగా వాడగా సాగుతాయి" అంది అమ్మ.

"సాగవమ్మా, తిప్పి పంపిద్దాం."

"ఎంత పోశావో ఏమో... వద్దులే."

అమ్మినవాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. అందిన రోజు నుంచి 14 రోజుల్లో, వాడకుండా, పెట్టెతో సహా పంపితే డబ్బు తిరిగి ఇస్తారట. పంపే ఖర్చు మాత్రం నాదట. పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరులో అబ్బాయి తూకం వేసి లెక్క చెప్పాడు. ప్రైవేటు కొరియరు వాళ్లు అంతకు రెండింతలు చెప్పారు. అది బూట్ల ధరలో ముప్పాతిక వంతు! కట్టిన సుంకం ఎలాగూ తిరిగి రాదు. మావారు కాగితం మీద కూడికలూ తీసివేతలూ చేసి, "పంపితే మనకు మిగిలేది ఆ పెట్టెకు చుట్టిన తాడు ఖరీదు" అన్నారు. ఏం చెయ్యాలో తేల్చుకోలేక నాలుగు రోజులు ఊరుకున్నాను. అది రెండో తప్పు.

ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం నేను రాసుకుంటూ కూర్చున్న వేళ, అమ్మ ఆ బూట్లు తొడుక్కుని పెరటి వరండాలో చప్పుడు కాకుండా నడిచింది. సాగదీద్దామని! కూతురి డబ్బు నీళ్లపాలు కాకూడదని! అయిదో రోజు మేజోడు మీద రూపాయంత నెత్తుటి మరక కనబడితే నా గుండె ఝల్లుమంది. చక్కెర జబ్బు ముదిరిన పాదానికి స్పర్శ తెలియదు. వేలు ఒరుసుకుపోతున్నా ఆవిడకు నొప్పి లేదు. "మరో వారం ఆగి ఉంటే వేలు దక్కేది కాదు" అని డాక్టరుగారు మెల్లగానే అన్నా, ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

పుండు మానడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ అమ్మ మంచం పక్కనే కుర్చీ వేసుకుని, కట్టు మార్చడం అయ్యాక ఏదో ఒకటి చదువుతూ కూర్చునేదాన్ని. బి.ఏ.లో నేను చదివింది చరిత్ర. పానిపట్టు యుద్ధాలు ఎన్ని జరిగాయో ఇప్పటికీ చెప్పగలను. కానీ మనిషి తన ఒంటి కొలతను ముక్కూ మొహం తెలియని వాడికి పంపి, వాడు పంపింది తొడుక్కోవడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఏ పాఠంలోనూ చెప్పలేదు. తప్పెవరిదో తేల్చుకోవాలన్న ఉక్రోషంతోనే మొదలుపెట్టానని దాచకుండా చెబుతున్నాను.

ఈ వ్యాపారానికి తాతగారు ఇంగ్లండు పక్కనున్న వేల్స్ ప్రాంతపు బట్టల వ్యాపారి. పేరు ప్రైస్ ప్రైస్-జోన్స్. ఊరు న్యూటౌన్. అక్కడ నేసే ఫ్లానెల్ అనే ఉన్నిబట్టను ఆయన 1861 నుంచి పోస్టులో అమ్మసాగాడు. కరపత్రం చూసి జనం ఉత్తరం రాసేవారు. సరుకు రైలెక్కేది. ఫ్లోరెన్స్ నైటింగేల్, విక్టోరియా మహారాణి కూడా ఆయన ఖాతాదార్లే. ఇక్కడో సంగతి గమనించారా? ఆయన అమ్మింది ప్రధానంగా తాను బట్ట. తాను బట్టకు సైజు లేదు, మన చీరకు లేనట్టే. అందుకే కాబోలు ఆయన హాయిగా వర్ధిల్లి 1887లో సర్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు!

చిక్కంతా కుట్టిన బట్టతో వచ్చింది. ఆ చిక్కు అమెరికాలో ముదిరింది. పల్లెటూరి రైతులు ఊరి దుకాణం వాడు చెప్పిన ధరకు నోరెత్తకుండా కొనుక్కునే రోజులవి. 1872లో షికాగోలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ అనే ఆయన 163 వస్తువుల పేర్లూ ధరలూ ఒకే ఒక్క కాగితం మీద అచ్చేసి రైతులకు పంచాడు. అంత చవకగా ఇస్తానంటే ఎవరికైనా అనుమానం రాదూ? షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1873లో ఇది మోసమనీ, రైతులు జాగ్రత్తగా ఉండాలనీ రాసేసింది. తర్వాత నిజం తెలుసుకుని ఆ రాతను వెనక్కి తీసుకుంది. (పత్రికలు వెనక్కి తీసుకున్న సరుకు చరిత్రలో బహు తక్కువ!) అయినా అనుమానం అనుమానమే కదా. దానికి విరుగుడుగా వార్డ్ 1875లో ఒక మాట ఇచ్చాడు. సరుకు నచ్చకపోతే మీ డబ్బు మీకు వాపసు అన్నాడు.

ఈ రోజు ఈ మాట చదివితే మనకు ఆవలింత వస్తుంది. ఆనాడు అది ఎంత సాహసమో ఆలోచించండి. వందల మైళ్ల దూరంలో ఉన్న మనిషి కోటు తొడుక్కుని చూసి, చెయ్యి పొట్టిగా ఉందంటే, నిజమో అబద్ధమో చూడకుండా నమ్మి డబ్బు పంపాలి! మనిషిని మనిషి చూడని బేరంలో ఎవరో ఒకరు ముందుగా నమ్మాలి. కొనేవాడు చూడకుండా డబ్బు పంపి ఎలాగూ నమ్ముతున్నాడు కనుక అమ్మేవాడు కూడా నమ్మాలన్నాడు వార్డ్. ఆయన వెనకే వచ్చిన సియర్స్ కంపెనీ ఇంకో మెట్టెక్కింది. సరుకు నచ్చకపోతే రానూ పోనూ రవాణా ఖర్చులు కూడా మావే అంది. రానూ పోనూ! ఆ మాట చదివినప్పుడు కౌంటరు దగ్గర పార్శిలు చంకలో పెట్టుకుని నిలబడ్డ నా అవతారం నాకే కళ్లకు కట్టింది.

ఆ కంపెనీలు పోటీలు పడి కేటలాగులు వేసేవి. ఛాతీ ఎక్కడ కొలవాలి, టేపు ఎంత బిగించాలి అన్నీ అందులో బొమ్మలతో చెప్పేవారు. ఇంట్లో ఆడవాళ్లే మొగుడికీ పిల్లలకీ కొలతలు తీసి రాసి పంపేవారు. కొలత ఇంటిదే, కుట్టు పరాయివాడిది. పొరపాటు వస్తే భరించేది మాత్రం అమ్మినవాడు.

మరి నా బూట్ల విషయంలో ఖర్చు నా నెత్తిన ఎందుకు పడింది? మధ్యలో దేశాల సరిహద్దులున్నాయి కనుక. దానికీ ఒక చరిత్ర ఉంది. నాకు చాలా నచ్చిన చరిత్ర అది. 1874లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాల ప్రతినిధులు కూర్చుని, ప్రపంచమంతటికీ ఒకే తపాలా కూటమి ఏర్పాటు చేసుకున్నారు. మనదేశం 1876లో అందులో చేరింది. అంతకుముందు ఒక ఉత్తరం నాలుగు దేశాలు దాటితే నాలుగు లెక్కలు. ఆ గొడవంతా వద్దని, స్టాంపు డబ్బు ఏ దేశానిది ఆ దేశమే ఉంచుకుందాం, వచ్చిన ఉత్తరాన్ని మాత్రం ఉచితంగా బట్వాడా చేద్దాం అనుకున్నారు. అదెలా గిట్టుబాటవుతుంది? వాళ్ల లెక్క ఏమిటంటే, రాసిన ప్రతి ఉత్తరానికీ జవాబు వస్తుంది కదా! వచ్చిన ఉత్తరం మోసినందుకు, వెళ్లే జవాబు మీద స్టాంపు డబ్బు దొరుకుతుంది. అంతటితో చెల్లు.

ఎంత మంచి కాలం! పెద్ద పెద్ద మీసాల తపాలా అధికారులంతా కలిసి, లోకంలో ఉత్తరం రాసినవాడికి జవాబు రాయని మనిషి ఉండడని నమ్మి ఒడంబడిక రాసుకున్నారు. నా చెల్లెలు వాళ్ల లెక్కలో లేదు.

ఆ నమ్మకం చాలాకాలం సాగింది. కానీ కొన్ని దేశాలు పంపడమే కానీ పుచ్చుకోవడం తక్కువైంది. చివరికి 1969లో టోక్యో మహాసభలో, ఎక్కువ పంపే దేశం పుచ్చుకునే దేశానికి కొంత చెల్లించాలని తేల్చారు. పేద దేశాలకు తక్కువ రేటు పెట్టారు. అంతర్జాలంలో అంగళ్లు వచ్చాక ఆ తక్కువ రేటు ఎవరూ అనుకోని పని చేసింది. చైనా నుంచి చిన్న పొట్లం అమెరికా చేరడం చవక, అదే పొట్లం తిరిగి చైనాకు పంపడం ఖరీదు! అమెరికా వాళ్లు కూటమి వదిలి పోతామని 2018లో అలిగితే, 2019లో జెనీవాలో కూర్చుని రేట్లు సవరించారు.

నా బూట్లకు ఆ గొడవతో సంబంధం లేదు. నాది ఇంకా చిన్న గొడవ. జర్మనీలో అమ్మేవాడు ఏటా వేల పార్శిళ్లు పంపుతాడు కనుక అతనికి టోకు రేటు. నేను జన్మలో ఒక్కసారి ఒక్క పార్శిలు పంపబోయాను కనుక నాకు చిల్లర రేటు. ఆ 14 రోజుల గడువు కూడా వాళ్ల యూరప్ దేశాలన్నీ 2011లో చేసుకున్న నియమమే. అంతకుముందు 1997 నాటి నియమంలో అది 7 పనిదినాలు. వాపసు పంపే ఖర్చు కొన్నవాళ్లదేనని అందులోనే ఉంది, అమ్మేవాడు తానుగా భరిస్తానంటే తప్ప. కాబట్టి నా జర్మనీ ఆసామీని తిట్టడానికి నాకు సందు దొరకలేదు.

ఇదే కథ అటు తిప్పి చూస్తే, అక్కడున్న మనవాళ్ల సంగతి గుర్తొచ్చింది. న్యూజెర్సీలో ఉన్న నా చెల్లెలు (ఆవిడే, జవాబులు రాయని ఆవిడ) జాకెట్లు ఇక్కడి నుంచే తెప్పించుకుంటుంది. చంక దగ్గర బిగుతైతే ఏం చేస్తావే అంటే, "బీరువాలో పడేస్తా, ఇండియా వచ్చినప్పుడు కుట్లు విప్పించుకుంటా" అంది. ఆవిడ దృష్టిలో మనమే విదేశీ వ్యాపారులం మరి!

ఇక మన దేశం సంగతి. వి.పి.పి. అన్న మాట వింటే నా వయసువాళ్లకు నాన్నగారు గుర్తొస్తారు. పోస్టుమాను గుమ్మంలో నిలబడి డబ్బు పుచ్చుకుంటేనే కట్ట చేతికిచ్చేవాడు. ఆ ఏర్పాటు మన తపాలాశాఖలో 1877లోనే వచ్చింది. చూడకుండా డబ్బు పంపక్కర్లేదు, అంతవరకూ మేలే. కానీ డబ్బు కట్టాకే కదా కట్ట విప్పేది! మా మేనమామ పత్రికలో ప్రకటన చూసి చేతిగడియారం తెప్పించుకుంటే, అది నాలుగు రోజులు నడిచి అయిదో రోజు శాశ్వతంగా సెలవు పుచ్చుకుంది. వాపసు అన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఎలా వస్తుంది? మన దుకాణాల్లో ప్రతి బిల్లు కిందా "ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకొనబడదు" అని అచ్చేసి ఉండేది. అది చిన్నప్పుడు ఎన్నిసార్లు చదివానో! పుట్టిన మనిషి గిట్టక తప్పదన్నంత సహజంగా ఉండేది ఆ వాక్యం.

ఇప్పుడు అలా రాసి తప్పించుకోవడం కుదరదు. 2019లో చేసి 2020లో అమల్లోకి తెచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపారం. ఇది చదివి అమ్మకు వినిపించాను, ఏదో ధైర్యం చెబుతున్నట్టు. అమ్మ కాసేపు ఊరుకుని, "బూటులో లోపమేం లేదుగా. బాగానే కుట్టారు. మరి లోపం నా కాలిలో ఉన్నట్టేగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ వేళాకోళానికి అనలేదు. డెబ్భై ఏళ్లుగా ఆ పాదాలతో నీళ్లు మోసి, పొయ్యి దగ్గర నిలబడి, ముగ్గురు పిల్లల్ని చంకనేసుకుని తిరిగిన మనిషి, తన కాలు అడ్డంగా పెరిగిందని సిగ్గుపడుతోంది. మనమంతా అంతే కదా! కొన్న బట్ట పట్టకపోతే "లావైపోయానే" అంటాం కానీ "చిన్నది కుట్టారే" అని ఏ ఆడది అంటుంది చెప్పండి?

ఆ రాత్రి నుంచి పోస్టు చరిత్ర పక్కనపెట్టి కొలతల చరిత్ర పట్టుకున్నాను.

అమ్మ పాత చెప్పు మీద ఉన్న ఆ 6 ఇంగ్లీషువాళ్ల 6. దేనికి ఆరు? బార్లీ గింజలకు! నవ్వకండి, నిజం. అంగుళంలో మూడో వంతు అంటే ఒక బార్లీ గింజ పొడవు. చిన్నపిల్లల చెప్పు 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై, గింజకో అంకె చొప్పున 13 దాకా పోయి, మళ్లీ 1 నుంచి పెద్దవాళ్ల లెక్క మొదలవుతుంది. యూరప్‌వాళ్ల 39 లో ఒక్కొక్క అంకె సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. ఈ రెండు లెక్కలూ ఎక్కడా సరిగ్గా కలవవు. పట్టికల్లో "సుమారు" అని రాయాల్సిన చోట సమానం గుర్తు పెడతారు. పైగా ఈ రెండూ కొలిచేది మీ కాలిని కాదు, చెప్పు కుట్టేటప్పుడు లోపల పెట్టే కొయ్య అచ్చును. అన్నిటికన్నా ముఖ్యం, ఈ అంకెలు పొడవే చెబుతాయి. వెడల్పు ఊసే ఎత్తవు. 1920లలో అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే అతను పొడవునూ వెడల్పునూ ఒకేసారి చూపే కొలపలక కనిపెడితే చెప్పుల దుకాణాలు కళ్లకద్దుకున్నాయి. కానీ ఆ పలక మీద కాలు పెట్టాలంటే దుకాణానికి వెళ్లాలి కదా. ఫోనులో ఎక్కడ పెడతాం?

గింజలతో కొలిచారని ఇంగ్లీషువాళ్లను ఎగతాళి చెయ్యబోయి ఆగాను. మన అర్థశాస్త్రంలోనూ ఎనిమిది యవల నడుములు ఒక అంగుళమనే ఉంది. లేదా మధ్యరకం మనిషి మధ్యవేలి మధ్యభాగపు వెడల్పు అనుకోమన్నారు. మౌర్యుల మంత్రి అంతటివాడికి కూడా ఆ "మధ్యరకం మనిషి" కావలసి వచ్చాడు! ఎక్కడుంటాడో ఆ మహానుభావుడు. నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఆ మధ్యరకం మనిషిని, అందులోనూ ఆడమనిషిని, పట్టుకోవాలని అమెరికా ప్రభుత్వం ఒకసారి గట్టి ప్రయత్నమే చేసింది. మగవాళ్ల కొలతలు అంతర్యుద్ధంలో సైనికుల దుస్తులు కుట్టేటప్పుడే పోగయ్యాయి. ఆడవాళ్లను మాత్రం ఎవరూ కొలవలేదు. దుస్తులు పట్టక వాపసు వచ్చే సరుకుతో వ్యాపారులు గగ్గోలెత్తితే, 1939లో రూత్ ఓబ్రయన్ అనే ఆవిడ, విలియం షెల్టన్ అనే ఆయన కలిసి, ఆ దేశపు వ్యవసాయశాఖ తరఫున దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిపించారు. ఒక్కొక్కరికి 59 కొలతలు! మా దర్జీ ఆరు తీసేలోపలే నాకు చెమటలు పడతాయి.

1941లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. వాటిలో తేలిందేమిటయ్యా అంటే, ఒక్క ఛాతీ కొలతనుబట్టి ఆడదాని ఆకారం ఊహించడం కుదరదని. ఎత్తూ బరువూ కలిపి చూస్తే కొంత నయమట. కానీ దుకాణంలో బరువు చెప్పమంటే ఏ స్త్రీ చెబుతుంది అన్న సందేహం కూడా వాళ్లకే వచ్చింది. ఇంకో సంగతి వింటే మీ ప్రాణం చివుక్కుమంటుంది. కొలిచిన వాళ్లలో తెల్లవాళ్లు కాని స్త్రీలూ ఉన్నారు. లెక్క కట్టేటప్పుడు వాళ్ల కొలతలు తీసి పక్కన పడేశారు. అలా తయారైన అంకెలతో 1958లో ప్రభుత్వ ప్రమాణం వచ్చింది, 1970లో దాన్ని సవరించారు, 1983లో మొత్తానికే రద్దు చేశారు. ఆ తర్వాత ఏ కంపెనీ అంకె ఆ కంపెనీదే. కొన్నావిడ సంతోషించాలని అదే నడుముకు ఏటేటా చిన్న అంకె అతికించడం కూడా మొదలైంది. కాబట్టి అమ్మాయిలూ, మీ గౌను మీద ఉన్న అంకె మీ నడుము కొలత కాదు. దుకాణంవాడి మర్యాద.

సరే, ఇంగ్లీషు పాదాలు కొలిచారు, అమెరికా నడుములు కొలిచారు. మా అమ్మ కాలిని ఎవరైనా కొలిచారా? ఇదీ నా అసలు ప్రశ్న.

కొలిచారు! ఆలస్యంగానైనా కొలిచారు. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థవాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా, దేశంలో 79 చోట్ల, 1,01,880 మంది పాదాలను యంత్రాలతో అన్ని వైపుల నుంచీ కొలిచారు. మన ఆడపిల్లల పాదం పదకొండో ఏటికే పెరగాల్సినంతా పెరిగిపోతుందట. మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేలింది. ఇన్నేళ్లూ వాళ్ల సన్నపాదాల అచ్చుల మీద కుట్టిన చెప్పుల్లో మనం వేళ్లు ముడుచుకుని నడుస్తున్నాం. వెడల్పు పట్టాలని ఒక అంకె పెద్దది కొనుక్కుంటే పొడవు ఎక్కువై టపటపలాడుతుంది. అందుకని "భ" అనే పేరుతో మనకే ఒక కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. భ అంటే భారత్ అన్నమాట. దుస్తులకూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని కొలవాలని నిఫ్ట్ సంస్థవాళ్లు తలపెట్టారు.

"అమ్మా, లక్ష మంది కాళ్లు నీ కాలు లాగానే ఉన్నాయట" అన్నాను.

అమ్మ నమ్మలేదు. "లక్షే!" అంది. తర్వాత దుప్పటి పక్కకు లాగి తన పాదాల వంక చాలాసేపు చూసుకుంది.

నాకేమో చిన్నప్పుడు విన్న కథ జ్ఞాపకమొచ్చింది. గ్రిమ్ సోదరులు జర్మనీ జానపద కథలు 1812లో అచ్చువేశారు. అందులో సిండెరెల్లా కథ మనం పిల్లలకు చెప్పేంత తియ్యగా ఉండదు. చెప్పు పట్టడం కోసం సవతి అక్కల్లో ఒకతె బొటనవేలు కోసుకుంటుంది, రెండోది మడమ చెక్కుకుంటుంది. కోసుకోమని కత్తి అందించేది వాళ్ల కన్నతల్లే. ఆ కథ తలుచుకుని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కత్తి ఇవ్వలేదు కానీ, బూట్లు తెచ్చి ఇచ్చింది నేనే కదా.

పుండు పూర్తిగా ఆరాక డాక్టరుగారు ఒక చీటీ రాశారు. పెద్దాసుపత్రి వీధి చివర ఒకాయన ఎం.సి.ఆర్. చెప్పులు కుడతాడట. మెత్తటి రబ్బరు అట్టతో, చక్కెర జబ్బు వాళ్లకోసమే. మా ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరం! ఉసూరుమంటూ వెళ్లాం.

పొద్దున్నే వెళితే ఆయన తిప్పి పంపేశాడు. "సాయంత్రం రండమ్మా. పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు" అన్నాడు. సాయంత్రం వెళితే అమ్మను కూర్చోనివ్వలేదు. నేల మీద అట్టకాగితం పరిచి దాని మీద నిలబడమన్నాడు. బరువు మోపితే కానీ పాదం తన అసలు వెడల్పు చూపదట. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని, మడమ దగ్గర మొదలుపెట్టి, వేలు వేలునా ఆగుతూ చుట్టూ గీశాడు. మానిన చిటికెన వేలి దగ్గర కొంచెం ఎడంగా గీసి, అక్కడో గుర్తు పెట్టుకున్నాడు. మా ఊళ్లో చిన్నప్పుడు మాకు చెప్పులు కుట్టిన తాత కూడా అచ్చం ఇలాగే గీసేవాడు. అప్పుడు చక్కిలిగింత పెట్టి నవ్వొచ్చేది.

"రెండో కాలు కూడా పెట్టండి మామ్మగారూ" అన్నాడు.

"ఎందుకు నాయనా, అదీ ఇలాంటిదేగా?"

"ఎక్కడండీ! ఏ మనిషికైనా రెండు కాళ్లూ ఒక కొలత ఉండవు."

అమ్మ నా వంక చూసింది. డెబ్భై ఏళ్ల మొహంలో ఏదో పరీక్ష తప్పాననుకుని ప్యాసైన పిల్ల చూపు!

"బిగుతైతే?" అన్నాను నేను, దెబ్బతిన్నదాన్ని కదా.

"పట్టుకురండి. విప్పి మళ్లీ కుడతా. దానికి డబ్బులేంటి?" అన్నాడాయన తలెత్తకుండానే. షికాగో వార్డుగారి సంగతి ఆయనకు చెప్పాలనిపించింది కానీ, అప్పటికే వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు.

నాలుగు రోజులకు చెప్పులు వచ్చాయి. అమ్మ అవి వేసుకుని వీధి చివరి గుడిదాకా వెళ్లొచ్చింది. వచ్చాక నేను రెండు పాదాలూ వేలు వేలునా చూశాను. ఇప్పుడు రోజూ రాత్రి చూస్తున్నాను.

జర్మనీ బూట్లు బీరువా మీద ఉన్నాయి. సైజు 39, సన్నపాదం, నాలుగు మధ్యాహ్నాలు మాత్రం తొడిగినవి. మీలో ఎవరికైనా పడతాయనుకుంటే ఒక కార్డు ముక్క రాయండి. ముందు ఇంటికొచ్చి తొడుక్కుని చూసుకోండి. పోస్టులో మాత్రం పంపను.